అనిశ్చిత రాజకీయాల వేళ టారో కార్డులతో ఆలోచించే విధానం

ఎన్నికలు దగ్గరపడుతున్నప్పుడు భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఎవరు గెలుస్తారన్న చర్చే ఇంటింటా సాగుతుంది గాని, జోస్యం చెప్పడానికి వాడే టారో అనే బొమ్మల కార్డులను ఆ ప్రశ్న అడగకూడదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాట కోసం పుట్టిన ఈ కార్డులకు ఫలితం తెలియదు. మనసులో కలగలిసిపోయిన భయాన్ని, ఆశను విడదీసి చూసుకోవడానికి మాత్రం అవి ఎంతో ఉపకరిస్తాయి.

కనుక ముందుగా ప్రశ్నను మీ చేతిలో ఉన్న పని వైపు తిప్పుకోండి. "ప్రభుత్వం మారితే మా శివారు పొలాలకు కాలువ నీరు అందుతుందా?" అనడానికి బదులు "నీటి విషయంలో నేను దేనికి భయపడుతున్నాను, ఎవరిని ఏమి అడగగలను?" అని కాగితంపై రాసుకోండి. తరువాత 78 కార్డులను కలిపి మూడు తీయండి: మొదటిది భయానికి, రెండవది తెలిసిన వాస్తవానికి, మూడవది చేయదగిన పనికి.

కార్డుల అర్థాలు చెప్పే పుస్తకం తెరవకముందే బొమ్మను నిదానంగా చూడాలి. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలతో వెలువడిన కార్డుల్లో 16వది బురుజు. పిడుగుపాటుకు దాని మీది కిరీటం ఎగిరిపోతుంటే ఇద్దరు మనుషులు కిందికి పడిపోతుంటారు. ఇది భయస్థానంలో వస్తే ప్రభుత్వం కూలుతుందని అర్థం కాదు. పోతుందని మీరు దిగులుపడుతున్నది పింఛనా, రొయ్యల చెరువుకు కరెంటు రాయితీయా, ఊళ్లోని సఖ్యతా అన్నది ఒక్క వాక్యంలో రాయండి.

రెండవ కార్డు ఏది వచ్చినా, దాని ఎదుట పత్రికలోనో ప్రభుత్వ ఉత్తర్వులోనో సరిచూసుకున్న విషయమే రాయాలి; నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మూడవ కార్డు చూశాక గ్రామసభలో అడగడం వంటి ఒక పనికి తేదీ వేసుకోండి. నచ్చని కార్డు వచ్చిందని మళ్లీ మళ్లీ తీయకండి. ఓటు ఎవరికన్నది కార్డులతో తేల్చుకోకండి.