ఎం.ఎస్. అయ్యాక తొలి సర్జన్ ఉద్యోగం: ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి

జనరల్ సర్జరీ పూర్తిచేసి కార్పొరేట్ ఆసుపత్రిలో జూనియర్ కన్సల్టెంట్ పోస్టుకు వెళ్తుంటే పుస్తకాల కంటే ముందు లాగ్‌బుక్ (చేసిన ఆపరేషన్ల రికార్డు) తీయండి. అపెండిక్స్, హెర్నియా, ల్యాప్ కోలీ (చిన్న రంధ్రాల ద్వారా గాల్‌బ్లాడర్ తీసే ఆపరేషన్), పర్ఫరేషన్ (పేగుకో కడుపుకో పడ్డ రంధ్రం), ఇలా ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో వరుస. అందులో అసిస్ట్ చేసినవి, సీనియర్ పక్కనుండగా చేసినవి, సొంతంగా చేసినవి విడివిడిగా రాయండి. ఒక్క పేజీ చాలు, రోగుల పేర్లు వద్దు. అంకెలు పెంచితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు: "50 ల్యాప్ కోలీలా? ఎన్ని ఓపెన్‌కి (పొట్ట కోసి చేసే పద్ధతికి) మార్చారు, ఎందుకు?"

ల్యాప్ కోలీ మీద ప్రశ్న దాదాపు ఖాయం. క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీకి (క్లిప్ వేసి కోసే ముందు అనాటమీ స్పష్టంగా కనిపించడానికి) మూడు షరతులూ తడుముకోకుండా చెప్పాలి: హెపటోసిస్టిక్ ట్రయాంగిల్‌లో (గాల్‌బ్లాడర్ నాళం, కాలేయ నాళం, లివర్ మధ్య త్రికోణంలో) కొవ్వు, ఫైబ్రస్ టిష్యూ తొలగాలి, గాల్‌బ్లాడర్ కింది మూడోవంతు లివర్ బెడ్ నుంచి విడిపడాలి, గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే (ఒక నాళం, ఒక ధమని) కనిపించాలి. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. "అంతా అతుక్కుపోయింది, వ్యూ రావట్లేదు, ఏం చేస్తారు?" చాలామంది ఇక్కడే పనితనం చూపించబోయి బోల్తా పడతారు. క్లిప్ వేయను, ఆగి సీనియర్‌ని పిలుస్తాను, తప్పకపోతే సబ్‌టోటల్ (గాల్‌బ్లాడర్‌లో కొంత భాగం వదిలేసి మిగతాది తీయడం) చేసి బయటపడతాను అనండి. ఓపెన్ చేసినంత మాత్రాన అనాటమీ తేటపడదని కూడా తెలిసినట్టు మాట్లాడితే ప్యానెల్‌కు నమ్మకం కుదురుతుంది.

ఎమర్జెన్సీ ప్రశ్నలో, రాత్రి 2 గంటలకు పర్ఫరేషన్ పెరిటొనైటిస్ (రంధ్రం వల్ల పొట్ట లోపల ఇన్ఫెక్షన్), బీపీ 80/50 అన్నారనుకోండి. నేరుగా గ్రాహం ప్యాచ్‌లోకి (రంధ్రాన్ని కొవ్వు పొరతో మూసే ఆపరేషన్‌లోకి) దూకొద్దు. ఆక్సిజన్, రెండు పెద్ద క్యాన్యులాలు, ఫ్లూయిడ్స్, లాక్టేట్, కల్చర్, గంటలోపు యాంటీబయాటిక్, రైల్స్ ట్యూబ్ (ముక్కు ద్వారా కడుపులోకి వేసే గొట్టం), యూరిన్ గంటకు కిలోకు 0.5 మి.లీ. వస్తోందా లేదా, మత్తు డాక్టరుకు, ఐసీయూకి, ఇంటివాళ్లకు కబురు. ఈ వరుసను బయటికి చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసి వినండి. రెండు నిమిషాలు దాటితే కత్తిరించండి.

మీ చేతిలో కాంప్లికేషన్ అయిన కేసు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి: ఎప్పుడు పసిగట్టారు, ఎవరికి చెప్పారు, తర్వాత ఏం మార్చుకున్నారు. తప్పు నర్సు మీదకో అనస్థీషియా మీదకో నెట్టారా, ఇంటర్వ్యూ అక్కడితో సరి.

కాగితాల్లో ఎక్కువమంది మరిచేది పీజీ రిజిస్ట్రేషన్. ఎంబీబీఎస్‌ది ఒక్కటీ చాలదు. విజయవాడలో చదివి హైదరాబాద్‌లో చేరేవాళ్లు తెలంగాణ మెడికల్ కౌన్సిల్ పని ముందే మొదలుపెట్టాలి.

జీతం దగ్గరికొచ్చాక మినిమం గ్యారంటీ (కేసులు తక్కువైనా ఇచ్చే కనీస జీతం) ఎన్ని నెలలు, ఆరోగ్యశ్రీ కేసుల్లో వాటా ఎంత, ఇండెమ్నిటీ (వైద్యంలో పొరపాటు కేసులకు బీమా) ప్రీమియం ఎవరు కడతారు, నోటీస్ పీరియడ్ ఎంత అని అడగడానికి మొహమాటం వద్దు. రాత్రి కేసు కష్టమైతే తోడు వచ్చే సీనియర్ ఎవరో కూడా అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ ఆఫర్‌కు వెంటనే సరే అనకండి.