మీ వీధి సీసీ రోడ్డు లెక్క అడగడం ఎలా?

రోడ్డు వేసింది కాంట్రాక్టరు, బిల్లు పాస్ చేసింది ఇంజనీరింగ్ ఆఫీసు. ఏడాది తిరక్కుండానే కంకర తేలితే కాంట్రాక్టరుతో వాదించి లాభం లేదు. ఆయన మీకు కాగితం చూపించనక్కర్లేదు, ఆఫీసు మాత్రం చూపించి తీరాలి. 2005 సమాచార హక్కు చట్టం పట్టు అక్కడే.

ముందు పని పేరు పట్టుకోండి. రోడ్డు పక్కన పని వివరాల బోర్డు ఉంటే ఫొటో తీయండి, లేకపోతే పంచాయతీలో అడగండి. "మా ఊరి రోడ్ల వివరాలు" అని రాస్తే ఏ పనో తెలియడం లేదంటూ తిప్పి పంపుతారు.

దరఖాస్తు ఆ ఆఫీసు ప్రజా సమాచార అధికారికి రాయాలి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జతచేస్తే ఎక్కడా కట్టక్కర్లేదు.

నాలుగు కాగితాల నకళ్లు అడగండి: మంజూరైన ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు. "నాసిరకంగా ఎందుకు వేశారు?" అని అడగొద్దు. చట్టం రికార్డు ఇప్పిస్తుంది, సంజాయిషీ కాదు.

అన్నిటికంటే ముఖ్యం ఎం-బుక్. ఇంజనీర్లు పనిని కొలిచి అందులో రాసిన లెక్క మీదే బిల్లు అవుతుంది. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని రాస్తే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. నేల మీద మందం 12 సెంటీమీటర్లే ఉంటే పడింది 36. తేడా 9 ఘనపు మీటర్లు, అంటే ఐదో వంతు. పొడవు, వెడల్పు టేపుతో మీరే కొలవొచ్చు. మందం కోసం రోడ్డు తవ్వకండి, అది మీ మీదికే కేసవుతుంది. సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేయడానికి, ధ్రువీకరించిన నమూనా తీసుకోవడానికి విడిగా దరఖాస్తు పెట్టండి.

జవాబుకు గడువు 30 రోజులు. "కాంట్రాక్టరు వాణిజ్య రహస్యం" అంటూ సెక్షన్ 8(1)(డి) చూపించి నిరాకరించడం తరచూ జరుగుతుంది. విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే క్లాజులో ఉంది. ఒక పేజీలో రహస్యం ఉన్నా దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. ఈ రెండూ రాస్తూ 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. అదీ తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లాలి.

అగ్రిమెంటు చేతికి రాగానే డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. ఆ తేదీలోపు వచ్చిన లోపాలను కాంట్రాక్టరు సొంత ఖర్చుతో సరిచేయాలి. పగుళ్ల ఫొటోలు, కొలతలు జతచేసి, కాంట్రాక్టరు సెక్యూరిటీ డిపాజిట్ వెనక్కి ఇవ్వకముందే ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు) స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి.