సగటు తీయకుండా ఇంటి వాడకం లెక్క రాసుకోవడం ఎలా

ఇంట్లో ఎవరి కరెంటు, ప్రయాణాలు, కొనుగోళ్ల వల్ల ఎంత కాలుష్యం అవుతోందో తెలుసుకోవడానికే ఈ లెక్క. ఒక నోటుబుక్కు, ఏడాది బిల్లులు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. అందరికీ కలిపి ఒకే పేజీ మాత్రం వద్దు. మొదటిసారి నేను అలాగే చేశాను. నలుగురి వాడకం కలిపి నాలుగుతో భాగిస్తే మరీ ఎక్కువేం కాదులే అనిపించింది. విడివిడిగా రాసినప్పుడు చూస్తే విమాన టికెట్లన్నీ నా పేజీలోకే వచ్చాయి. మా అమ్మ పేజీలో ఉన్నవి ఒక ఫ్యాను, ఒక లైటు, రెండు బస్సు ప్రయాణాలు. ఆమె తక్కువ వాడబట్టి నా లెక్క బాగా కనబడింది, అంతే.

లోకం లెక్కలోనూ ఇదే జరుగుతోంది. పేదరికం మీద పనిచేసే ఆక్స్‌ఫామ్ సంస్థ 2023 నివేదిక ప్రకారం, 2019లో వాడకం వల్ల వెలువడిన కర్బన ఉద్గారాల్లో (అంటే కార్బన్ డయాక్సైడ్ లాంటి భూమిని వేడెక్కించే వాయువుల్లో) సగం దాకా లోకంలో అందరికంటే సంపన్నులైన 10 శాతం మందివే. అందులోనూ లోక జనాభాలో అన్నిటికంటే పైనున్న 1 శాతం మందివే మొత్తంలో 16 శాతం. అట్టడుగున ఉన్న 500 కోట్ల మంది కలిసి వదిలింది కూడా అంతే. జనాభా పెరగడం వల్లే భూమి పాడవుతోందని ఎవరైనా అంటే నాకు మా అమ్మ పేజీ గుర్తొచ్చి బాధేస్తుంది.

ఇక లెక్క. పెట్రోలు లీటరుకు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. కరెంటు బొగ్గుతో తయారైతే యూనిట్‌కి కిలోకి అటూ ఇటూగా, జలవిద్యుత్ అయితే చాలా తక్కువ. ఏసీ ఎవరి గదిలో నడుస్తుందో ఆ యూనిట్లు వాళ్ల పేజీలోనే రాయండి. విమానానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా లెక్క కట్టుకోవచ్చు. మా అమ్మాయి స్కూటర్‌కి ఏడాదంతా పట్టిన పెట్రోలు 90 లీటర్లు, అంటే 207 కిలోలు. నేను ఆఫీసు పని మీద ఒక్కసారి దూరదేశం వెళ్లి వచ్చినందుకే దాదాపు టన్ను.

కొన్న వస్తువులకు కచ్చితమైన అంకె దొరకదు, ఎన్ని కొన్నామో రాస్తే చాలు. కానీ బీరువా తెరిచి రాయండి, గుర్తున్నంత మేరకు కాదు. నా అరలో ట్యాగు కూడా తీయని జీన్స్ ఒకటి దొరికింది. ఒక జీన్స్ తయారీకి, పత్తి పండించడం దగ్గర్నుంచి, సుమారు 7,500 లీటర్ల నీళ్లు పడతాయని ఐక్యరాజ్యసమితి అంచనా. అది తొడుక్కోకపోయినా ఆ నీళ్లు ఖర్చయిపోయినట్టే. ఫోనూ అంతే. దాని కాలుష్యంలో ఎక్కువ భాగం మన చేతికి రాకముందే, తయారీలోనే అయిపోతుంది. అందుకే పాత ఫోనుకి బ్యాటరీ మార్పించుకుని ఇంకో రెండేళ్లు వాడటం మంచి పని.

చివరగా ప్రతి పేజీలో అన్నిటికంటే పెద్ద అంకె కింద గీత గీయండి. కోత అక్కడినుంచే మొదలుపెట్టాలి. అందరికీ ఒకే శాతం కోత పెట్టడం మాత్రం అన్యాయం. మా అమ్మను ఫ్యాను ఆపమనడానికి నాకు నోరెలా వస్తుంది? నా పేజీలో గీత పడింది విమానాల కింద. ఈ ఏడాది రెండు మీటింగులు వీడియో కాల్‌లో పెట్టుకుందామని ఆఫీసులో అడిగాను. ఒకదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి వచ్చే నెల మళ్లీ అడుగుతాను.