నేటివ్ యాప్‌లో ఫ్లట్టర్ స్క్రీన్లు పెడుతున్నారా? కోడ్ కలిపే ముందు చూసుకోవాల్సినవి

యాప్ మొత్తం తిరిగి రాస్తామంటే కంపెనీ ఒప్పుకోదు. ప్రతి కొత్త స్క్రీన్‌నూ ఆండ్రాయిడ్‌కు ఒకసారి, ఐఓఎస్‌కు ఒకసారి రాయాలంటే టీమ్ సరిపోదు. అందుకే పాత నేటివ్ యాప్‌ను అలాగే ఉంచి, లోపల రెండు మూడు స్క్రీన్లు మాత్రం ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఓఎస్ రెండింటికీ స్క్రీన్లు చేసే గూగుల్ టూల్‌కిట్) చేద్దామనే ఆలోచన వస్తుంది. దీన్నే ఫ్లట్టర్ వాళ్లు యాడ్ టు యాప్ అంటారు. 2019 డిసెంబర్‌లో వచ్చిన 1.12 వెర్షన్ నుంచి దీనికి అధికారిక సపోర్ట్ ఉంది. డెమో ఒక పూటలో అయిపోతుంది. ఆ డెమో చూసిన మేనేజర్ వెంటనే రిలీజ్ డేట్ చెప్పేస్తారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

ఎందుకంటే ఇబ్బంది డార్ట్ (ఫ్లట్టర్ వాడే భాష) కోడ్‌లో ఉండదు, రెండూ కలిసే అతుకు దగ్గర ఉంటుంది. లాగిన్ టోకెన్ (యూజర్ లాగిన్ అయ్యాడనే గుర్తు) ఎవరి చేతిలో ఉండాలి, బ్యాక్ నొక్కితే ఎవరు స్పందించాలి, ఎర్రర్ వస్తే ఎవరికి తెలియాలి? వీటికి డెమోలో జవాబు అక్కర్లేదు, ప్రొడక్షన్‌లో కావాలి. ఫ్లట్టర్ ఇక్కడ ఇల్లరికం వచ్చిన అల్లుడు. తెలివైనవాడే, కానీ ఈ ఇంటి పద్ధతులేవీ తెలియవు, చెప్పకపోతే తన పద్ధతిలో తాను నడుచుకుంటాడు.

ఇది ఫ్లట్టర్‌కే పరిమితమైన సమస్య కాదు. ఎయిర్‌బీఎన్‌బీ 2016లో తన నేటివ్ యాప్‌లో రియాక్ట్ నేటివ్ (ఫ్లట్టర్ లాంటిదే, ఫేస్‌బుక్ వాళ్లది) చేర్చింది, 2018 జూన్‌లో మానేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ల ఇంజినీర్లు రాసిన కారణాల్లో నాకు ముఖ్యంగా తోచింది ఒకటే: రెండు ప్లాట్‌ఫామ్‌ల పని ఒకటి అవుతుందనుకుంటే మూడు ప్లాట్‌ఫామ్‌ల పని అయింది. అన్ని ఇంజినీరింగ్ వనరులున్న కంపెనీకే అలా జరిగింది కాబట్టి, చిన్న టీమ్‌లు ముందే లెక్క వేసుకోవడం మంచిది.

మొదటి స్క్రీన్ ఏది?

పేమెంట్, లాగిన్, హోమ్ పేజీలతో మొదలుపెట్టకండి. లోపలికి ఒకే దారి, బయటికి ఒకే దారి ఉన్న స్క్రీన్ తీసుకోండి. సహాయం పేజీ, పాత ఆర్డర్ల జాబితా, ఫీడ్‌బ్యాక్ ఫారం లాంటివి. నేటివ్ నుంచి ఫ్లట్టర్‌కు, అక్కడి నుంచి మళ్లీ నేటివ్‌కు, తిరిగి ఫ్లట్టర్‌కు వెళ్లే ఫ్లో మాత్రం మొదటి ప్రయత్నానికి అస్సలు వద్దు. రెండు నావిగేషన్ స్టాక్‌లు (తెరిచిన పేజీల వరుసలు) ఒకదానికొకటి తెలియకుండా పెరుగుతాయి. షాపింగ్ యాప్ అయితే దసరా, దీపావళి సేల్స్ ముందు నెలలో ఈ మార్పు పెట్టకండి, పండగ అయ్యాక పెట్టినా కొంపేమీ మునగదు.

ఇంకొక సంగతి. ఒకే యాప్‌లో రెండు వేర్వేరు ఫ్లట్టర్ మాడ్యూళ్లను ప్యాక్ చేయడానికి సపోర్ట్ లేదు. పేమెంట్స్ టీమ్ ఒక మాడ్యూల్, రివార్డ్స్ టీమ్ ఇంకో మాడ్యూల్ తెస్తామంటే కుదరదు. మాడ్యూల్ ఒకటే ఉండాలి, టీమ్‌ల కోడ్ దాని లోపల ప్యాకేజీలుగా ఉండాలి. మూడో పార్టీ ఎస్‌డీకే (బయటివాళ్లు ఇచ్చే రెడీమేడ్ కోడ్) ఏదైనా లోపల ఫ్లట్టర్‌ను మోసుకొస్తోందేమో కూడా చూసుకోండి.

బిల్డ్ దగ్గర

సోర్స్‌తో కలపాలా, ముందే కట్టిన ఏఏఆర్ (ఆండ్రాయిడ్), ఫ్రేమ్‌వర్క్ (ఐఓఎస్) ఫైళ్లతో కలపాలా అన్నది మొదట తేల్చండి. సోర్స్‌తో కలిపితే టీమ్‌లో ప్రతి నేటివ్ డెవలపర్ మెషీన్‌లోనూ, సీఐ (బిల్డ్‌లు తనంతట తాను చేసే) మెషీన్‌లోనూ ఫ్లట్టర్ ఎస్‌డీకే ఉండాలి. లేకపోతే సోమవారం పొద్దున్నే ఐఓఎస్ వాళ్లకు పాడ్ ఇన్‌స్టాల్ (లైబ్రరీలు తెచ్చే కమాండ్) ఆగిపోతుంది, ఫోన్ మీకే వస్తుంది. నేటివ్ టీమ్ పెద్దదైతే ముందే కట్టిన ఫైళ్లే మేలని నా అభిప్రాయం. డార్ట్‌లో ఒక్క లైన్ మారినా మళ్లీ కట్టాలి, నిజమే, కానీ ఆ పని సీఐ చేస్తుంది. ఏ దారైనా ఫ్లట్టర్ వెర్షన్‌ను అందరికీ ఒకటిగా బిగించాలి.

మాడ్యూల్‌లో చుక్కతో మొదలయ్యే ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఫోల్డర్లు టూల్ తనంతట తాను తయారు చేసేవి. అందులో మార్పులు చేయకండి, గిట్‌లో పెట్టకండి.

ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్ గ్రేడిల్‌లో రెండు చోట్ల తడబడతారు. రిపాజిటరీలను (లైబ్రరీలు దొరికే చోట్లను) సెట్టింగ్స్ ఫైల్‌లోనే ప్రకటించాలని, ప్రాజెక్ట్‌లో పెడితే ఫెయిల్ చేయాలని చాలా కొత్త ప్రాజెక్టుల్లో ఉంటుంది, ఫ్లట్టర్ మాడ్యూల్‌కు అది పడదు. రెండోది బిల్డ్ టైప్‌లు. ఫ్లట్టర్‌కు తెలిసినవి డీబగ్, ప్రొఫైల్, రిలీజ్ మూడే. మీకు స్టేజింగ్ లాంటిది ఉంటే అది దేనికి సరిపోలాలో మ్యాచింగ్ ఫాల్‌బ్యాక్స్‌లో రాయాలి.

ఫ్లట్టర్ రిలీజ్ బిల్డ్ 32 బిట్ ఆర్మ్, 64 బిట్ ఆర్మ్, 64 బిట్ ఎక్స్86 ప్రాసెసర్లకే ఉంటుంది. మీ పాత యాప్ 32 బిట్ ఎక్స్86 లైబ్రరీలు కూడా మోస్తుంటే, అలాంటి డివైస్‌లో ఫ్లట్టర్ లైబ్రరీ దొరక్క స్క్రీన్ తెరవగానే యాప్ పడిపోతుంది. ఏబీఐ (ప్రాసెసర్ రకం) ఫిల్టర్లతో జాబితాను కత్తిరించండి. 2025 నవంబర్ 1 నుంచి ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌ల అప్‌డేట్లకు 16 కేబీ పేజీ సైజ్ (ఫోన్ మెమొరీని పంచే ముక్క సైజు) సపోర్ట్‌ను ప్లే స్టోర్ అడుగుతోంది. కాబట్టి పాత ఫ్లట్టర్ వెర్షన్‌తో మొదలుపెట్టకండి.

టెస్టర్లకు ఐఫోన్‌లో డీబగ్ బిల్డ్ ఇవ్వకండి. ఐఓఎస్ 14 నుంచి ఫ్లట్టర్ డీబగ్ బిల్డ్‌ను హోమ్ స్క్రీన్ ఐకాన్ నొక్కి తెరవడం కుదరదు, ఎక్స్‌కోడ్ నుంచో ఫ్లట్టర్ టూల్స్ నుంచో నడపాలి. ఇది తెలియక క్రాష్ అంటూ బగ్‌లు వేస్తారు.

ఇంజిన్‌ను వేడి చేయడం

ఫ్లట్టర్ స్క్రీన్ తెరిచినప్పుడు కొత్త ఇంజిన్ (డార్ట్ కోడ్‌ను నడిపి తెర గీసే భాగం) మొదలైతే కాసేపు ఖాళీ తెర కనిపిస్తుంది. అందుకే ఇంజిన్‌ను ముందే వార్మప్ చేసి క్యాష్‌లో పెడతారు. సలహా మంచిదే, కానీ ఎప్పుడు చేస్తున్నారన్నది ముఖ్యం. 1.10.3 వెర్షన్ రిలీజ్ మోడ్‌లో, 2015 నాటి చవక ఫోన్ల మీద ఫ్లట్టర్ డాక్యుమెంటేషన్ ఇచ్చిన కొలత ఇది: ఆండ్రాయిడ్‌లో 42 ఎంబీ, 1,530 మిల్లీసెకన్లు, అందులో 330 మిల్లీసెకన్లు మెయిన్ థ్రెడ్‌ను (తెర, టచ్ చూసుకునేది) ఆపేస్తుంది. ఐఓఎస్‌లో 22 ఎంబీ, 860 మిల్లీసెకన్లు. ఇప్పటి ఫోన్లలో ఇంత ఉండకపోవచ్చు, అయినా ఈ పనిని యాప్ లాంచ్‌లో పెడితే ఫ్లట్టర్ స్క్రీన్ ఎప్పుడూ తెరవని యూజర్ కూడా దాని ఖరీదు కడతాడు. ఆ స్క్రీన్‌కు ఒక్క అడుగు ముందున్న పేజీలో వార్మప్ చేయడం న్యాయం.

వార్మప్ చేసిన క్షణం నుంచే డార్ట్ కోడ్ నడుస్తుందని చాలామంది గుర్తుపెట్టుకోరు. స్క్రీన్ కనిపించకపోయినా మెయిన్ ఫంక్షన్ నడుస్తుంది, మొదటి విడ్జెట్ (తెర మీద కనిపించే ముక్క) సున్నా సైజు కిటికీలో తయారవుతుంది. దాంతో వెడల్పును ఆధారం చేసుకున్న లెక్కలు తప్పుతాయి. మొదటి పేజీలో ఏపీఐ కాల్ ఉంటే యూజర్ అడగకుండానే వెళ్తుంది. పేజీ చూశారు అనే అనలిటిక్స్ ఈవెంట్ కూడా వెళ్తుంది, నెలాఖరులో ప్రొడక్ట్ వాళ్లు ఆ అంకెలు చూసి పండగ చేసుకుంటారు. అందుకే మొదటి రూట్ (మొదట తెరుచుకునే పేజీ) ఖాళీగా ఉండాలి, నేటివ్ నుంచి సంకేతం వచ్చాకే అసలు పేజీ మొదలవాలి.

క్యాష్ ఇంజిన్‌కు ఇనీషియల్ రూట్‌ను యాక్టివిటీ (ఆండ్రాయిడ్ స్క్రీన్) దగ్గర ఇస్తే పనిచేయదు. డార్ట్ ఎంట్రీపాయింట్ (మొదట నడిచే మెయిన్ ఫంక్షన్) నడవక ముందే ఇంజిన్ మీద పెట్టాలి. అదే ఇంజిన్‌తో రెండోసారి తెరిస్తే మొదటిసారి వదిలిన చోటే ఉంటుంది, నిన్నటి ఆర్డర్ వివరాలు ఈరోజు ఆర్డర్ మీద కనిపించవచ్చు. లాగౌట్ అయినప్పుడు ఇంజిన్‌ను పూర్తిగా నాశనం చేయడమే భద్రం.

ఒకటికి మించి ఫ్లట్టర్ స్క్రీన్లు ఒకేసారి కావాలంటే ఇంజిన్ గ్రూప్ వాడండి. 2021లో వచ్చిన ఫ్లట్టర్ 2 నుంచి, గ్రూప్‌లో రెండో ఇంజిన్‌కు సుమారు 180 కేబీ చాలు, అంతకుముందు ఆండ్రాయిడ్‌లో 19 ఎంబీ దాకా పట్టేది. అయితే ఆ ఇంజిన్ల మధ్య డార్ట్ కోడ్ దాచుకున్న డేటా ఏదీ ఉమ్మడి కాదు. ఒకదానిలో కార్ట్ మార్చితే ఇంకోదానికి తెలియదు. ఇద్దరికీ కావాల్సిన డేటా నేటివ్ వైపే ఉంచి, ఛానెల్ (నేటివ్, డార్ట్ మధ్య సందేశాల దారి) ద్వారా అందించాలి.

లాగిన్, నెట్‌వర్క్, భద్రత

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. డార్ట్ సొంత హెచ్‌టీటీపీ క్లయింట్ ఫోన్ నెట్‌వర్క్ స్టాక్‌ను వాడదు. అంటే మీరు ఓకేహెచ్‌టీటీపీలో (ఆండ్రాయిడ్ నెట్‌వర్క్ లైబ్రరీ) పెట్టిన సర్టిఫికెట్ పిన్నింగ్ (మన సర్వర్ సర్టిఫికెట్‌నే నమ్మడం), ఆండ్రాయిడ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగరేషన్, కుకీలు, ఇంటర్‌సెప్టర్లు ఏవీ ఫ్లట్టర్ రిక్వెస్ట్‌లకు వర్తించవు. సిస్టమ్ ప్రాక్సీని కూడా తనంతట పట్టించుకోదు. బ్యాంకు యాప్‌లో నేటివ్ కాల్స్ అన్నీ పిన్ అయి, కొత్త స్క్రీన్ కాల్స్ మాత్రం విప్పి ఉంటే సెక్యూరిటీ ఆడిట్‌లో దొరుకుతుంది. రిక్వెస్ట్‌లను నేటివ్ క్లయింట్ ద్వారానే పంపడం నా మొదటి ఎంపిక.

టోకెన్ రిఫ్రెష్ కూడా ఒక్కచోటే జరగాలి. 401 (లాగిన్ చెల్లదనే సర్వర్ జవాబు) రాగానే ఇద్దరూ విడివిడిగా రిఫ్రెష్ చేస్తే ఒకరి కొత్త టోకెన్ ఇంకొకరి టోకెన్‌ను చెల్లకుండా చేస్తుంది, యూజర్ కారణం లేకుండా లాగౌట్ అవుతాడు. షేర్డ్ ప్రిఫరెన్సెస్ (ఫోన్‌లో చిన్న సెట్టింగ్స్ దాచే చోటు) ఉమ్మడిగా ఉంటుందనుకోకండి. ఫ్లట్టర్ ప్లగిన్ పాత ఏపీఐ ఆండ్రాయిడ్‌లో వేరే ఫైల్ వాడుతుంది, ప్రతి కీ ముందు ఫ్లట్టర్ అని చేరుస్తుంది.

మీ యాప్‌లో అన్ని స్క్రీన్లకూ ఒక బేస్ యాక్టివిటీ ఉండి ఉంటుంది. స్క్రీన్‌షాట్ అడ్డుకునే సెక్యూర్ ఫ్లాగ్, కొంతసేపు ముట్టుకోకపోతే లాగౌట్ చేసే టైమర్ అందులోనే ఉంటాయి. ఫ్లట్టర్ యాక్టివిటీ దాని నుంచి పుట్టలేదు కాబట్టి ఇవేవీ రావు. మీ బేస్ యాక్టివిటీలోనే ఫ్లట్టర్ ఫ్రాగ్మెంట్ (యాక్టివిటీ లోపల ఇమిడే భాగం) పెడితే ఈ చిక్కు తీరుతుంది, బదులుగా ఇంకో బాధ్యత వస్తుంది. బ్యాక్ ప్రెస్, న్యూ ఇంటెంట్, పర్మిషన్ రిజల్ట్, యాక్టివిటీ రిజల్ట్, ట్రిమ్ మెమొరీ వంటి కాల్స్‌ను మీరే ఫ్రాగ్మెంట్‌కు పంపాలి. పర్మిషన్ రిజల్ట్ పంపకపోతే యూజర్ కెమెరాకు అనుమతి ఇచ్చినా ప్లగిన్‌కు కబురు చేరదు, లోడర్ తిరుగుతూనే ఉంటుంది.

ఐఓఎస్‌లో ప్లగిన్ల రిజిస్ట్రేషన్ ఇంజిన్‌కు మీరే పిలవాలి. అంచు నుంచి స్వైప్ చేస్తే ఫ్లట్టర్ లోపలి పేజీ కాకుండా మొత్తం ఫ్లట్టర్ కంట్రోలరే పోతోందా అన్నది ఫోన్‌లో చేసి చూడండి. లోపల పేజీలు ఉన్నంతసేపు నేటివ్ స్వైప్‌ను ఆపి, మొదటి పేజీకి వచ్చాక తిరిగి ఇవ్వాలి.

ప్లగిన్లు మేనిఫెస్ట్‌లోకి (యాప్ పర్మిషన్ల జాబితా ఉండే ఫైల్) చెప్పకుండా పర్మిషన్లు తెస్తాయి. కలిపిన మేనిఫెస్ట్‌ను పాత రిలీజ్‌తో పోల్చాకే స్టోర్‌కు పంపండి.

తెలుగు ఉన్న యాప్‌లకు

యాప్‌లోపలే భాష మార్చుకునే సౌకర్యం యాప్‌కంపాట్‌తో (గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ లైబ్రరీ) చేసి ఉంటే, ఆండ్రాయిడ్ 13 కంటే పాత ఫోన్లలో అది యాప్‌కంపాట్ యాక్టివిటీలకే అందుతుంది. ఫ్లట్టర్ యాక్టివిటీ ఆ కోవలోది కాదు. అంతా తెలుగులో ఉండి, ఆ ఒక్క స్క్రీన్ ఇంగ్లీషులో తెరుచుకుంటుంది. భాషను ఛానెల్‌లో పంపి మెటీరియల్ యాప్‌కు (ఫ్లట్టర్ మూల విడ్జెట్) నేరుగా ఇవ్వండి. డిజైనర్ లైన్ హైట్ బిగించి ఇస్తే ఒత్తులు కింది లైన్‌కు తగులుతాయి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి లాంటి మాటలను పెద్ద అక్షరాల సెట్టింగ్‌తో ఒకసారి చూడండి.

రిలీజ్ రోజు

డార్ట్ ఎర్రర్ వస్తే యాప్ పడిపోదు. రిలీజ్ బిల్డ్‌లో ఎర్ర తెర కూడా రాదు, బూడిద రంగు పెట్టె కనిపిస్తుంది. క్రాష్ డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంటుంది, రివ్యూల్లో మాత్రం స్క్రీన్ ఖాళీగా ఉందని రాస్తారు. ఫ్లట్టర్ ఎర్రర్ హ్యాండ్లర్, ప్లాట్‌ఫామ్ డిస్పాచర్ హ్యాండ్లర్ రెండింటినీ ప్రతి ఎంట్రీపాయింట్‌లో పెట్టి రిపోర్టింగ్‌కు కలపండి. కోడ్‌ను అబ్‌ఫస్కేట్ చేస్తే (పేర్లు చదవలేకుండా మార్చితే) ప్రతి రిలీజ్ సింబల్ ఫైళ్లూ (అసలు పేర్లు తిరిగి చూపేవి) భద్రంగా ఉంచుకోవాలి.

ప్లే స్టోర్‌లో స్టేజ్డ్ రోలౌట్ (కొద్దికొద్ది మందికే విడుదల) వాడండి. యాప్ స్టోర్ ఫేజ్డ్ రిలీజ్ 7 రోజులు నడుస్తుంది, మొత్తం 30 రోజుల వరకు ఆపి ఉంచవచ్చు. ఆపినా, స్టోర్‌కు వెళ్లి చేత్తో అప్‌డేట్ చేసుకునేవాళ్లకు కొత్త వెర్షన్ వెళ్తూనే ఉంటుంది. అందుకని పాత నేటివ్ స్క్రీన్‌ను తీసేయకుండా రిమోట్ ఫ్లాగ్ (సర్వర్ నుంచి ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక ఉంచాలి. ఆ ఫ్లాగ్‌ను నేటివ్ వైపే చదవాలి. అది అందకపోతే పాత స్క్రీనే తెరుచుకోవాలి. ఇంజిన్ వార్మప్ కోడ్ కూడా అదే ఫ్లాగ్ కింద ఉండాలి, లేదంటే స్క్రీన్ ఆపేసినా మెమొరీ తింటూనే ఉంటుంది.