బేస్ ఫైల్‌లో లేయర్ కలర్ మార్చినా షీట్‌లో మారడం లేదా? ఆటోక్యాడ్ సమస్య - పరిష్కారం

“లేయర్లన్నీ పోయాయి” అని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే: పోయింది లేయర్లా, రిబ్బనా? ఈ రెండింటినీ కలిపేసుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. వర్క్‌స్పేస్ అంటే రిబ్బన్ (పైనుండే బటన్ల పట్టీ), టూల్‌బార్లు, ప్యాలెట్లు తెరమీద ఎలా అమరి ఉన్నాయన్నది. అది మీ సిస్టమ్‌లోని సీయూఐఎక్స్ అనే సెట్టింగుల ఫైల్‌లో ఉంటుంది. లేయర్లు (గోడలు, తలుపులు అంటూ గీతలను విడదీసి పెట్టే పొరలు) ఉండేది డ్రాయింగ్‌లో. వర్క్‌స్పేస్ ఎన్నిసార్లు మార్చినా లేయర్లకు ఏమీ కాదు. డీడబ్ల్యూజీ (డ్రాయింగ్ ఫైల్) పంపితే మీ వర్క్‌స్పేస్ అవతలివాళ్లకు వెళ్లదు.

సమస్య: రిబ్బన్, మెనూ కనిపించడం లేదు

ముందు కంట్రోల్, సున్నా కలిపి నొక్కండి. రిబ్బన్, ప్యాలెట్లను దాచేసే క్లీన్ స్క్రీన్ పొరపాటున ఆన్ అయి ఉంటే అక్కడితో అయిపోతుంది. కమాండ్ లైన్ పోతే కంట్రోల్, 9. రిబ్బన్ ఒక్కటే పోతే కమాండ్ లైన్‌లో రిబ్బన్ అని టైప్ చేయండి. మెనూ వరస కావాలంటే మెనూబార్ విలువ 1 పెట్టండి. క్లాసిక్ వర్క్‌స్పేస్ కోసం వెతక్కండి, 2015 వెర్షన్ నుంచి అది లేదు. టూల్‌బార్లు మీరే పేర్చుకుని కొత్త పేరుతో సేవ్ చేసుకోవాలి.

పేర్చుకున్నది మర్నాటికి మళ్లీ మొదటికొస్తోందంటే వర్క్‌స్పేస్ సెట్టింగ్స్‌లో మార్పులు ఆటోమేటిక్‌గా సేవ్ అయ్యే ఆప్షన్ ఆన్‌లో లేదన్నమాట. సీయూఐఎక్స్ ఆఫీసు సర్వర్‌లో రీడ్ ఓన్లీగా ఉంటే అది ఆన్ చేసినా సేవ్ కాదు. కావాలనే అలా పెట్టి ఉంటారు, అడ్మిన్‌ను అడగండి.

సమస్య: లేయర్ కలర్ మార్చాను, గోడ మారలేదు

అందరూ వదిలేసే చెక్ ఇదే. ఆ గోడను సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో కలర్ ఎదురుగా ఏముందో చదవండి. బైలేయర్ (లేయర్ రంగే తీసుకో అని అర్థం) అని లేకుండా రెడ్ అనో, 30 అనో ఉంటే ఆ వస్తువుకు విడిగా కలర్ ఇచ్చేశారు, అది ఇక లేయర్ మాట వినదు. సెట్‌బైలేయర్ కమాండ్ ఇచ్చి, బ్లాకులను కూడా కలపాలా అని అడిగినప్పుడు అవును అనండి. లాక్ చేసిన లేయర్లలోనివి మారవు, ముందు అన్‌లాక్ చేయాలి. తర్వాత ఏమీ సెలెక్ట్ చేయకుండా హోమ్ ట్యాబ్‌లోని కలర్ బాక్స్ చూడండి. అక్కడ బైలేయర్ లేకపోతే ఇకమీద గీసే ప్రతి గీతా మళ్లీ ఇదే తలనొప్పి తెస్తుంది.

సమస్య: తెరమీద సరిగ్గానే ఉంది, ప్రింట్‌లో గీతల మందం తప్పు

సీటీబీ (ఏ కలర్ ఎంత మందంతో ప్రింట్ కావాలో చెప్పే ఫైల్) వాడే ఆఫీసులో గీత మందాన్ని మామూలుగా కలర్ నంబరే నిర్ణయిస్తుంది. ప్లాట్ డైలాగ్‌లో ఆ సీటీబీ పేరు పక్కన మిస్సింగ్ అని ఉంటే ఫైల్ ఆ సిస్టమ్‌లో లేదు. ఏ1 షీట్ బయట ప్లాటింగ్ షాపులో తీయించుకునేవాళ్లు సీటీబీని కూడా పంపాలి, లేదా పీడీఎఫ్ ఇవ్వాలి. ఇంకొకటి, లేయర్‌కు ట్రూ కలర్ (ఇండెక్స్ నంబరు లేని ఆర్‌జీబీ రంగు) ఇస్తే సీటీబీ దాన్ని పట్టించుకోదు. సీటీబీకి తెలిసినవి 1 నుంచి 255 వరకు ఉన్న ఇండెక్స్ కలర్లే. డైమెన్షన్లు గీస్తే ఆటోక్యాడ్ తానే చేసే డెఫ్‌పాయింట్స్ లేయర్‌లో ఉన్నది ప్రింట్ కానే కాదు.

సమస్య: బేస్ ఫైల్‌లో లేయర్ మార్చి సేవ్ చేశాను, షీట్‌లో పాతదే ఉంది

పైవి అయిదు నిమిషాల పనులు. మనుషుల్ని రాత్రి దాకా ఆఫీసులో కూర్చోబెట్టేది మాత్రం ఇదే.

గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ ఒక బేస్ ఫైల్. దాన్ని ఎక్స్‌రెఫ్‌గా (వేరే ఫైల్‌కు లింకుగా) తెచ్చుకున్న షీట్లు చాలా ఉంటాయి: వర్కింగ్ డ్రాయింగ్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్. ఆఫీసు లేయర్ స్టాండర్డ్ మారింది, గోడల లేయర్ ఏ-వాల్ పసుపు నుంచి ఎరుపుకు మారాలి. బేస్‌లో మార్చి సేవ్ చేశారు. షీట్ తెరిచి రీలోడ్ కొట్టారు. గోడ ఇంకా పసుపే. మళ్లీ రీలోడ్, ఆటోక్యాడ్ మూసి తెరవడం, చివరికి సిస్టమ్ రీస్టార్ట్. అయినా పసుపే.

దారి తప్పించే విషయం ఏమిటంటే, బేస్‌లో కొత్తగా గీసిన తలుపు షీట్‌లోకి వస్తుంది. కొత్తగా చేర్చిన లేయర్ కూడా సరైన కలర్‌తోనే వస్తుంది. దాంతో ఎక్స్‌రెఫ్ బాగానే ఉంది, లేయర్‌లోనే ఏదో తేడా ఉంది అనుకుని బేస్ ఫైల్‌ను కెలుకుతూ కూర్చుంటారు. బేస్‌లో తప్పేమీ లేదు.

కారణం షీట్ ఫైల్‌లోని ఒక సెట్టింగ్, దాని పేరు విజ్‌రిటైన్. దాని విలువ 1 ఉంటే, ఎక్స్‌రెఫ్ లేయర్లు మొదటిసారి వచ్చినప్పుడు ఉన్న కలర్, లైన్‌టైప్, మందం, ఆన్ ఆఫ్, ఫ్రీజ్ (లేయర్‌ను కనిపించకుండా చేయడం) అన్నీ షీట్ తనలో దాచుకుంటుంది. ఆ తర్వాత బేస్ ఏం చెప్పినా తన దగ్గరున్నదే వాడుతుంది. మీరు షీట్‌లో ఏదీ చేత్తో మార్చకపోయినా సరే. గీతలు బేస్ నుంచి, ఆ గీతల రంగు మాత్రం షీట్ నుంచి వస్తాయన్నమాట. కొత్త లేయర్ సరిగ్గా రావడానికి కారణం కూడా ఇదే: దాని గురించి షీట్‌కు ముందే తెలిసింది ఏమీ లేదు.

“అయితే 0 పెట్టేస్తే పోలా?” అని చటుక్కున పెట్టేయకండి. డిఫాల్ట్‌గా 1 ఉండటానికి కారణం ఉంది. ఎలక్ట్రికల్ షీట్‌లో ఫర్నిచర్, డైమెన్షన్లు ఫ్రీజ్ చేసి ఉంటారు. 0 పెట్టి రీలోడ్ చేస్తే అవన్నీ, వ్యూపోర్ట్‌లో (షీట్ మీద డ్రాయింగ్‌ను చూపించే కిటికీలో) చేసిన ఫ్రీజ్‌లతో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. కలర్ బాగుపడుతుంది, షీట్ నిండా సోఫాలు ప్రత్యక్షమవుతాయి. అందుకే ఈ వరస తప్పకండి.

షీట్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. వ్యూపోర్ట్ లోపల డబుల్ క్లిక్ చేసి, లేయర్‌స్టేట్ కమాండ్‌తో ఇప్పుడున్న స్థితిని ఒక పేరుతో సేవ్ చేయండి. వేర్వేరు ఫ్రీజ్‌లున్న వ్యూపోర్ట్‌లు ఎన్ని ఉంటే అన్ని స్టేట్‌లు. ఇప్పుడు విజ్‌రిటైన్ 0 చేసి, ఎక్స్‌రెఫ్ ప్యాలెట్‌లో బేస్ ఫైల్‌ను రీలోడ్ చేయండి. గోడ ఎరుపు కావాలి. వెంటనే విజ్‌రిటైన్ 1 చేయండి, మర్చిపోతే తర్వాతి ఫ్రీజ్‌లు నిలవవు. చివరికి దాచిన స్టేట్‌ను తిరిగి తెచ్చుకోండి, కానీ మొత్తం కాదు. రీస్టోర్ చేసే ప్రాపర్టీల్లో ఆన్ ఆఫ్, ఫ్రీజ్, వ్యూపోర్ట్ ఫ్రీజ్ మాత్రమే ఉంచి కలర్, లైన్‌టైప్, మందం టిక్కులు తీసేయండి. అవి ఉంచితే పసుపు గోడ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. స్టేట్‌లో లేని లేయర్లను ఆఫ్ చేసే టిక్కు కూడా తీసేయండి, లేకపోతే బేస్‌లో కొత్తగా చేర్చినవి మాయమవుతాయి.

కొత్త వెర్షన్లు వాడేవాళ్లకు ఇంత తిరుగుడు అక్కర్లేదు. లేయర్ ప్రాపర్టీస్‌లో ఆ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌రెఫ్ లేయర్ ప్రాపర్టీలను రీసెట్ చేసే ఆప్షన్‌లో కలర్ ఒక్కటే ఎంచుకోవచ్చు. అసలు అది ఎక్స్‌రెఫ్ లేయరా అని అనుమానం ఉంటే పేరు చూడండి: ముందు ఫైల్ పేరు, మధ్యలో నిలువు గీత, తర్వాత లేయర్ పేరు.

ఇవన్నీ చేశాక కూడా ఒక్క వ్యూపోర్ట్‌లోనే పాత కలర్ ఉంటే లేయర్ ప్రాపర్టీస్‌లో వీపీ (వ్యూపోర్ట్) కలర్ కాలమ్ చూడండి. ఎవరో అక్కడ విడిగా మార్చారు. రైట్ క్లిక్ చేసి వ్యూపోర్ట్ ఓవర్‌రైడ్‌లు తీసేయండి.

దీనికి ఉల్టా సమస్య కూడా వస్తుంది: ఫ్రీజ్ చేసి సేవ్ చేసిన లేయర్లు ఫైల్ తెరవగానే మళ్లీ కనిపిస్తాయి. ఆ షీట్‌లో విజ్‌రిటైన్ 0 ఉందన్నమాట. ఈ విలువ డ్రాయింగ్‌తో పాటే సేవ్ అవుతుంది కాబట్టి ఒకే ప్రాజెక్టులో ఒక షీట్‌కు 0, పక్క షీట్‌కు 1 ఉండొచ్చు. టెంప్లేట్‌లోనే చూసి సరిచేసుకోవాలి.

సమస్య: బైండ్ చేశాక లేయర్ పేర్లు వింతగా మారాయి

బైండ్ అంటే ఎక్స్‌రెఫ్‌ను షీట్‌లోనే కలిపేయడం. పేరు మధ్యలో డాలర్, సున్నా, డాలర్ వచ్చాయంటే మామూలు బైండ్ చేశారు. ఇన్సర్ట్ రకం ఎంచుకుంటే ఏ-వాల్ ఏ-వాల్‌గానే ఉంటుంది. అదే పేరుతో షీట్‌లో లేయర్ ముందే ఉంటే షీట్ ప్రాపర్టీలే నెగ్గుతాయి. బిల్డింగ్ పర్మిషన్ కోసం ఆన్‌లైన్‌లో పెట్టే డ్రాయింగ్‌లో లేయర్ పేర్లు వాళ్లు చెప్పినట్టే ఉండాలి కాబట్టి అప్‌లోడ్‌కు ముందు ఇది తప్పక చూడండి. ఇప్పటికే పాడైన పేర్లను లేట్రాన్స్ కమాండ్‌తో సరైన పేర్లకు మ్యాప్ చేసుకోవచ్చు.

మిగతావి

లేయర్ లిస్ట్‌లో కొన్నే కనిపిస్తుంటే ఎడమవైపు ఫిల్టర్లలో ఆల్ నొక్కండి. వెనక్కి తిప్పే ఇన్వర్ట్ టిక్కు ఉంటే తీసేయండి. ఫైల్ పాడైందని అనుమానంగా ఉంటే ఆడిట్, అదీ పనిచేయకపోతే రికవర్. వీటి దాకా రావలసిన ఫైళ్లు చాలా తక్కువ, పైవన్నీ చూశాకే రండి.