హంటింగ్టన్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: జబ్బు మొదలైన వయసు

హంటింగ్టన్ అంటే మెదడును క్రమంగా దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు. పోయిన పాఠంలో దాని జన్యు పరీక్ష రిపోర్టులో సీఏజీ సంఖ్య ఎక్కడుంటుందో చూశాం; జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క వరసగా ఎన్నిసార్లు తిరిగొస్తుందో (ఎన్ని రిపీట్లో) చెప్పే సంఖ్య అది. 36 నుంచి 39 అయితే జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆపైన అయితే నిండా బతికినవాళ్లకు రావడం దాదాపు ఖాయం. ఈసారి ఆ సంఖ్యను వయసు పక్కన పెట్టి చదువుదాం.

మొదలైన వయసు అంటే ఏది? డాక్టర్లు సాధారణంగా రాసేది కదలికల్లో తేడా స్పష్టంగా కనిపించిన ఏడాది. ఇంట్లోవాళ్లను అడిగితే "అంతకు నాలుగేళ్ల ముందే మనిషి మారిపోయాడండీ, ఊరికే చిరాకు" అంటారు. రెండూ నిజమే. ఫ్యామిలీ చార్టులో రెండు గడులు గీయండి, కలిపేయొద్దు.

ఇప్పుడు చిన్న లెక్క. సీఏజీ సంఖ్యలోంచి 33.66 తీసేసి, మిగిలినదాన్ని ఇప్పటి వయసుతో గుణించండి. సీఏజీ సంఖ్యనూ వయసునూ కలిపి, మనిషి ఇప్పటిదాకా మోసిన జబ్బు బరువును అంచనా వేయడానికి పరిశోధకులు వాడే క్యాప్ స్కోరుకు ఇదొక రూపం. 42 రిపీట్లున్న నలభై ఏళ్ల మనిషికి 8.34 × 40 = 333.6. 50 ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికి 16.34 × 20 = 326.8. అంటే ఆయన నలభై ఏళ్లు మోసిన బరువును ఈ అబ్బాయి ఇరవై ఏళ్లకే మోసేశాడు.

సంఖ్య పెద్దదైతే జబ్బు త్వరగా వస్తుంది, సరే. వచ్చాక మనిషిని త్వరగా తీసుకుపోతుందా? నేనూ మొదట అవుననే అనుకున్నాను. కానీ పెద్దయ్యాక జబ్బు మొదలైనవాళ్లపై 2016లో వచ్చిన అధ్యయనంలో, కదలికల్లో తేడా మొదలైనప్పటి నుంచి మరణం దాకా గడిచే కాలానికీ సీఏజీ సంఖ్యకూ సంబంధం కనపడలేదు. ముదిరే తీరు వేరే సంగతి: మెదడు స్కాన్ల లాంటి కొన్ని కొలతల్లో పెద్ద సంఖ్యవాళ్లకు వేగం ఎక్కువే.

ఇక ఒకే సంఖ్య ఉన్న ఇద్దరికి పదేళ్ల తేడాతో మొదలైనా ఆశ్చర్యపోకండి. ఎఫ్ఏఎన్1 లాంటి వేరే జన్యువులు కూడా ఈ వయసును ముందుకో వెనక్కో జరుపుతాయి. రిపోర్టును జాతకంలా చదివితే దొరికిపోయేది ఇక్కడే.

ఇరవై లోపు మొదలైతే బొమ్మే మారిపోతుంది. తాండవం లాంటి కదలికల కన్నా ఒళ్లు బిగుసుకుపోవడం, చదువులో వెనకబడటం, కొందరిలో మూర్ఛ ముందుంటాయి. సంఖ్య తరచూ 60 దాటి ఉంటుంది.

అభ్యాసం: ఒక చార్టులో తండ్రికి 45 ఏళ్లకు మొదలైంది, కొడుకుకు 17కే. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు రిపీట్లు పెరుగుతాయని గుర్తుంచుకుని, ఈ కొడుకు రిపోర్టులో ఏ సంఖ్య ఉండొచ్చో ముందే పెన్సిల్‌తో రాసుకోండి. జవాబు 5వ పాఠంలో.