మైపాడుకు బండి ఎక్కే ముందు అలల సూచన చదివే పద్ధతి

కడప, మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు వాళ్ళకు సముద్రం అంటే ముందు గుర్తొచ్చేది మైపాడు. బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరితే అక్కడి నుంచి తీరం దగ్గరే. అనంతపురం వాళ్ళు తాడిపత్రి మీదుగా వచ్చి ఇదే దారి పట్టుకుంటారు. కర్నూలు నుంచైతే నంద్యాల, గిద్దలూరు మీదుగా ఒంగోలు వెళ్ళి కొత్తపట్నం చేరడం సులువు. రెండు చోట్లా ఉన్నది ఒకే రకం తీరం. దగ్గర్లో అలను ఆపే దీవి లేదు, తీరానికి చెప్పుకోదగ్గ మలుపు లేదు. బంగాళాఖాతంలో ఏం జరిగినా అది నేరుగా ఆ ఇసుక మీదికే వస్తుంది.

మనవాళ్ళలో చాలామందికి ఈత వచ్చు. బావుల్లో, కేసీ కాలువలో, పెన్నలో నేర్చుకున్న ఈత అది. బావి నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి, కాలువ నీళ్ళు ఒకే వైపు పోతాయి. సముద్రం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. ఈత వచ్చన్న ధైర్యంతో లోపలికి వెళ్ళినవాళ్ళే ఎక్కువగా ఇబ్బందిలో పడతారు. ఆ రోజు సముద్రం ఎలా ఉండబోతుందో రెండు రోజుల ముందే, ఇంట్లో కూర్చుని, చాలావరకు తెలుసుకోవచ్చు. అందుకు చూడాల్సినవి ఐదు: అల ఎత్తు, పీరియడ్ (అలకీ అలకీ మధ్య సెకన్లు), స్వెల్ (ఎక్కడో దూరంగా గాలికి పుట్టి ఇక్కడిదాకా వచ్చే అలలు) దిశ, గాలి, ఆటుపోట్ల వేళలు. ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ చూపే మామూలు వెదర్ యాప్‌లో ఇవేవీ ఉండవు. నెల్లూరులో ఎండ కాస్తున్నంత మాత్రాన సముద్రం నెమ్మదిగా ఉన్నట్టు కాదు.

మొదట చూడాల్సింది ఇన్‌కాయిస్. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ తీరం పొడవునా అలల సూచన ఇస్తుంది, ఎత్తైన అలల మీదా స్వెల్ ఉప్పొంగు మీదా హెచ్చరికలు విడుదల చేస్తుంది. వాళ్ళ సముద్ర యాప్‌లో కూడా ఇవి దొరుకుతాయి. మీరు వెళ్ళే జిల్లా పేరుతో హెచ్చరిక ఉంటే ఇక మిగతా లెక్కలు అక్కర్లేదు, ప్రయాణం మానుకోండి. 2024 మే మొదటి వారంలో ఇలాంటి స్వెల్ హెచ్చరిక అమల్లో ఉన్నప్పుడే కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు మెడికల్ విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు.

హెచ్చరిక లేకపోతే గాలి, అలల సూచన చూపే విండీ గానీ విండ్‌గురు గానీ తెరవండి. తీరం గీత మీద కాకుండా ఐదారు కిలోమీటర్లు లోపల, నీళ్ళ మీద వేలు పెట్టండి. ఈ సూచనలు సముద్రాన్ని పెద్ద పెద్ద గళ్ళుగా కోసి లెక్కేస్తాయి, తీరం మీద పెడితే నేల గడి అంకె రావచ్చు. టైము మన గడియారంలో చూపుతోందా లేదా అన్నదీ చూసుకోండి. యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) అని ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. అది మరిచిపోతే పొద్దున ఆరింటి గాలి అనుకుని పదకొండున్నర గాలి చదివే ప్రమాదం ఉంది. మూడు రోజుల లోపు సూచనను నమ్మవచ్చు. ఐదో రోజు, ఏడో రోజు అంకెలు ఎటు పోతున్నాయో చూసుకోడానికే తప్ప బస్సు టికెట్ తీయడానికి పనికిరావు.

పీరియడే అసలు కీలకం

అందరూ ముందు ఎత్తు చూస్తారు. చూడాల్సింది పీరియడ్, అంటే ఒక అల తల దాటాక తర్వాతి అల తల రావడానికి పట్టే సెకన్లు. నాలుగు నుంచి ఏడు సెకన్లుంటే అవి దగ్గర్లో వీస్తున్న గాలి లేపిన అలలు. గజిబిజిగా వస్తాయి, బలం తక్కువ. పది దాటితే దూరం నుంచి వచ్చిన స్వెల్. పద్నాలుగు, పదహారు అని కనిపిస్తే అది దక్షిణ మహాసముద్రంలో ఏదో తుఫాను గాలికి పుట్టి, దాదాపు వారం ప్రయాణం చేసి వచ్చింది.

పీరియడ్ పెరిగితే అల పొడవు ఎంత పెరుగుతుందో చూడండి. లోతు నీటిలో పొడవు మీటర్లలో కావాలంటే పీరియడ్‌ని పీరియడ్‌తోనే గుణించి, మళ్ళీ 1.56తో గుణించాలి. 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు. 14 సెకన్ల అలది 300 మీటర్ల పైనే. అలల కదలిక వాటి పొడవులో సగం లోతు దాకా ఉంటుంది కాబట్టి పొడవాటి అల చాలా దూరంలోనే నేలను తాకి, వేగం తగ్గి, ఎత్తు పెరగడం మొదలుపెడుతుంది. సూచనలో 1 మీటరు, 14 సెకన్లు అని ఉన్న స్వెల్ తీరానికి సూటిగా వస్తే విరిగే చోట మీటరున్నర దాటుతుంది. అదే 1 మీటరు 6 సెకన్లతో వస్తే మీటరుంపావు దగ్గర ఆగుతుంది.

బలం పోల్చుకోడానికి చిన్న లెక్క: ఎత్తు × ఎత్తు × పీరియడ్. 1.4 మీటర్లు, 6 సెకన్లయితే దాదాపు 12. 1 మీటరు, 14 సెకన్లయితే 14. ఎత్తు తక్కువైనా రెండోదే బలమైనది. నాలుగు లోపు వస్తే నడుము లోతు స్నానాలకు పరవాలేదు. నాలుగు నుంచి పది మధ్య వస్తే సర్ఫింగ్ నేర్చుకునేవాళ్ళకు బాగుంటుంది, అదీ నేర్పే మనిషి పక్కన ఉంటేనే. పది దాటితే అలవాటున్నవాళ్ళకు వదిలేయండి. ఇది బయల్దేరాలా వద్దా అని తేల్చుకోడానికి వాడే అంచనా మాత్రమే.

ఈ లెక్క ఒకచోట తప్పుదారి పట్టిస్తుంది. పొడవైన పీరియడ్ అలలు వేగంగా ప్రయాణిస్తాయి కాబట్టి పెద్ద స్వెల్‌లో అవే ముందు చేరుకుంటాయి. నిన్నటిదాకా 8 సెకన్లున్న పీరియడ్ ఒక్కసారిగా 17కి ఎగబాకి, ఎత్తు 0.4 మీటరే చూపిస్తే లెక్క మూడు కూడా రాదు. కానీ వెనకే అసలు అలలు వస్తున్నాయి, మర్నాటికల్లా ఎత్తు రెట్టింపు కావచ్చు. పీరియడ్ 13 దాటినప్పుడు గుణకారం పక్కనబెట్టి తర్వాతి 48 గంటల ఎత్తు చూడండి. ఇలాంటి స్వెల్‌తో ఇంకో చిక్కు ఉంది. అలలు గుంపులుగా వస్తాయి, గుంపుకీ గుంపుకీ మధ్య పది నిమిషాల పైన కూడా నీళ్ళు చదునుగా కనిపించవచ్చు. ఆ తెరిపిలోనే జనం లోపలికి నడిచి వెళ్తారు.

ఎత్తు విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. సూచనలో ఇచ్చేది మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు ఎత్తు. 1 మీటరు అని రాసి ఉంటే రోజు మొత్తంలో ఒకటో రెండో 2 మీటర్ల దాకా రావచ్చు.

స్వెల్ దిశ, గాలి

చాలా యాప్‌లలో దిశ అంటే ఎటు నుంచి వస్తోందో చెప్పే డిగ్రీలు. 90 అంటే తూర్పు, 180 అంటే దక్షిణం. మైపాడు తీరం తూర్పు ముఖంగా ఉంది. నెల్లూరు తీరానికి సరిగ్గా దక్షిణంగా శ్రీలంక అడ్డు నిలబడి ఉంటుంది. 180 డిగ్రీల నుంచి వచ్చే స్వెల్ అంకెల్లో గొప్పగా కనిపించినా ఆ నీడలో చాలావరకు సన్నగిల్లుతుంది. దిశ 165 లోపుకి, అంటే ఆగ్నేయం వైపుకి ఒరిగితే శ్రీలంక అంచు దాటి సూటిగా వస్తుంది. సూచనలో 1.2 మీటర్లున్నా ఒక రోజు సముద్రం నెమ్మదిగా, ఇంకో రోజు ఉధృతంగా ఉండటానికి ముఖ్యమైన కారణం ఈ పదీ పదిహేను డిగ్రీల తేడాయే.

గాలి పడమర నుంచి, అంటే నేల మీంచి సముద్రం మీదికి వీస్తే అల ముఖం నునుపుగా, నిలువుగా ఉంటుంది. తూర్పు నుంచి వీస్తే అల ముందే కూలిపోయి నురగ అవుతుంది. గంటకు 20 కిలోమీటర్లు దాటితే నీళ్ళంతా తెల్లని నురగ తలలు లేస్తాయి. యాప్ నాట్‌లలో (ఓడల వేగం చెప్పే కొలత) చూపితే 1.85తో గుణించుకోండి. ఎండాకాలంలో పొద్దున నేల గాలి, పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది. జూన్, జూలైలలో పడమటి గాలి జోరుగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా రాదు. అందుకే తెల్లవారేసరికి తీరంలో ఉండేలా బయల్దేరమనేది. కడప నుంచి అంటే అర్ధరాత్రి దాటగానే బండి కదలాలి, డ్రైవరు ముందు నిద్రపోయి ఉండాలి. పడమటి గాలికి ఒక హెచ్చరిక: గాలి నింపిన ట్యూబులు, బాతు బొమ్మలు పిల్లలతో సహా లోపలికి కొట్టుకుపోతాయి. వాటిని తీరానికి తీసుకెళ్ళకండి.

ఆటుపోట్లు

దీనికి పంచాంగం కూడా పనికొస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, ఆటుకు బాగా దిగుతుంది. అష్టమి దగ్గర తేడా తక్కువ. నెల్లూరు తీరంలో పెద్ద పోటుకీ ఆటుకీ తేడా మీటరుకు అటూఇటూ ఉంటుంది. సరైన వేళల కోసం కృష్ణపట్నం లేదా చెన్నై పట్టిక చూడండి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు, వేళ రోజూ యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది.

నిండు పోటు మీద అల ఒడ్డు వాలు దగ్గరే ఒక్కసారిగా విరిగి మనిషిని ఇసుకకేసి కొడుతుంది. మెడ, భుజం దెబ్బలు తగిలేది ఇప్పుడే. బాగా ఆటు దిగినప్పుడు అలలు దూరంగా ఇసుక మెట్ట మీద విరుగుతాయి, మెట్టల మధ్య సందుల్లోంచి నీరు వెనక్కి గట్టిగా లాగుతుంది. పోటు సగం ఎక్కిన వేళ మేలు.

కార్తీక పౌర్ణమి స్నానాలకు వెళ్ళేవాళ్ళు దీన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. పౌర్ణమి కాబట్టి పెద్ద పోటు. ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి గాలి సముద్రం నుంచి ఒడ్డుకు. పైగా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే నెల. వాయుగుండం వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నప్పుడే, దాని స్వెల్ ఒడ్డుకు చేరుతుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుఫానులు వచ్చే కాలమిదే. సోమశిల గేట్లు ఎత్తారని వార్త వస్తే పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు అసలు దిగకండి. బురద నీటిలో కొమ్మలు, దుంగలు కనపడవు. ఆటు వేళ నది ఉరవడి కూడా తోడవుతుంది.

తీరం చేరాక

బట్టలు మార్చుకోక ముందే ఇసుక దిబ్బ ఎక్కి ఇరవై నిమిషాలు నీళ్ళు చూడండి. రెండు గుంపుల అలలైనా దాటాలి. వచ్చిన అలలకు మధ్య సెకన్లు లెక్కపెట్టి సూచనతో సరిపోయిందో లేదో చూడండి. అంతకంటే ఎక్కువ సెకన్లు వస్తే కొత్త స్వెల్ చేరుకున్నట్టే.

తర్వాత లాగుడు ఉన్న చోటు వెతకండి. రెండు వైపులా తెల్లగా అలలు విరుగుతుంటాయి, మధ్యలో పది ఇరవై మీటర్ల వెడల్పున అలలు విరగని పట్టీ ఉంటుంది. అక్కడ నీటి రంగు ముదురుగా, పైభాగం సన్నగా వణుకుతున్నట్టు ఉంటుంది. నురగ, ఇసుక కలిసిన మట్టి రంగు నీరు ఒడ్డు నుంచి బయటికి సాగిపోతుంటాయి. ఒక కొబ్బరి పీచు ముక్క విసిరితే ఎటు పోతుందో తెలుస్తుంది. కొత్తవాళ్ళ కంటికి అదే అన్నిటికంటే ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది, పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తారు. ఆ పట్టీలో నీరు సెకనుకు ఒకటి నుంచి రెండు మీటర్ల వేగంతో లోపలికి పోగలదు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీది నిలవలేడు.

చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదొద్దు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది, అంతే. మునిగిపోయేది అలసిపోయి. వెల్లకిలా తేలండి, ఒక చెయ్యి పైకెత్తి ఊపండి, లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా ఈది, తెల్లగా అలలు విరిగే చోటికి చేరి వాటితో పాటు బయటికి రండి. గట్టు మీదున్నవాళ్ళు వెనకే దూకకూడదు. ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌కు మూత గట్టిగా బిగించి, ఇరవై ముప్ఫై మీటర్ల తాడు కట్టి ముందే సిద్ధంగా ఉంచుకోండి. అది మనిషి తలను నీటిపైన నిలబెడుతుంది. ఫోన్‌లో 112తో పాటు తీర రక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసుల నంబరు 1093 పెట్టుకోండి.

మే నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రాలు పడమటి వైపు కూడా ఓ కన్నేసి ఉంచండి. నల్లమల, వెలికొండల మీద పెరిగిన ఉరుముల మబ్బులు తూర్పుకు జరిగి చీకటి పడే వేళకు తీరం చేరతాయి. మెరుపు కనిపించాక ముప్ఫై సెకన్లలోపు ఉరుము వినబడితే వెంటనే నీళ్ళలోంచి, ఇసుక మీంచి కూడా లేచి కారులోకో పక్కా భవనంలోకో వెళ్ళాలి. చివరి ఉరుము వినబడి అరగంట గడిచేదాకా తిరిగి దిగకండి. దామిని యాప్ పిడుగులు ఎంత దూరంలో పడుతున్నాయో చూపుతుంది, దాన్ని బయల్దేరే ముందే ఫోన్‌లో వేసుకోండి.